పోశాలు తాత తెచ్చిన కర్ర

ఆ యాసంగి నా చేతి వేళ్లు ఒక్కనాడు సక్కగ లేవు. వేలికొక సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కున్నా వైరు కోసేది. అన్నం కలుపుకుంటే కారం మండి కండ్లల్ల నీళ్లు తిరిగేటివి. మాయన జాన్ చూసి "చెంచతోని తినరాదు" అనేటోడు. చెంచ పట్టుకునేది కూడా ఆ వేళ్లతోనే గద.

చిట్యాలల మాది మోటర్ల షాపు. బోర్లల్ల కాలిపోయిన మోటర్లకు మళ్ల వైరు చుడుతం. ఇది ఒక్కలతోని అయ్యే పని కాదు. ఇనుప గొట్టం లోపల సన్నటి సందులుంటయి, కాలిన వైరంత గుంజి పడేసి, ఆ సందులల్లకెల్లి కొత్త వైరు ఒక్కొక్క చుట్టు ఎక్కియ్యాలె. గొట్టానికి ఇటొకలు, అటొకలు కూసోవాలె. జాన్ ఇటునుంచి తోస్తడు. నేను అటునుంచి గుంజి మళ్ల వాపసు తోస్త. ఒక్క మోటరుకు కొన్ని వందల సార్లు. "మీ ఇద్దరంతసేపు ఏ మొగుడు పెండ్లాం ఎదురెదురు కూసోరు" అని మా ఆడిబిడ్డ నవ్వుతది. కూసుంటం గని మొఖాలు చూసుకునేది లేదు, నడుమ గొట్టం ఉంటది.

రోజుకు రెండు మోటర్లు చుడుతం. తిండి కూడ మరిచి కూసుంటే మూడు. ఆ యేడు జనవరి దాటకముందే కాలుడు షురువైంది. బోర్లల్ల నీళ్లు అడుక్కు పోయినయి. అందరు ఒక్కసారే స్టార్టర్లు వత్తుతరు, వోల్టేజి పడిపోతది, మోటరు వేడెక్కి కాలుతది. పొద్దుగాల షటరు లేపేసరికి గడప ముందు నాలుగైదు మోటర్లు పండవెట్టి ఉండేటివి. ఆదివారం ప్రార్థనకు కూడ పోలేకపోయినం. పాస్టరయ్య ఒకనాడు దారిల ఆగి, మోటర్ల దిక్కు చూసి, తల ఊపి పోయిండు.

గా పనిలనే జనగామ నుంచి ప్రణయ్ వచ్చిండు. కొత్త మోటర్లమ్మే కంపెనీకి ఏజెంటు. ముప్పయ్యేండ్లు ఉండవు, ఇస్త్రీ అంగి, మాట మాత్రం మంచిగ కలుపుతడు. వచ్చి స్టూలు మీద కూసోని జాన్ పని చేసుడు చానసేపు చూసిండు.

"అన్నా, ఇంకెన్నేండ్లు గిట్ల చుట్టుకుంట కూసుంటవు? మా బోర్డు పెట్టు. మోటరు కాలిందని వచ్చినోళ్లకు కొత్తది ఇయ్యి. కుర్చీల కూసోని అమ్ముడే పని. నీ నడుముకు మంచిది, వదిన చేతులకు మంచిది."

"కొనలేనోళ్లు ఏం చేస్తరు?" అని అడిగిన నేను.

"కొంటరు వదినా. చుట్టేటోళ్లు దొరకకపోతే ఎట్లనో అట్ల కొంటరు."

నవ్వుకుంటనే చెప్పిండు. కార్డు చేతిల పెట్టి, ఉగాది లోపల ఏదో ఒకటి చెప్పమన్నడు, లేకుంటే బోర్డు ఇంకొకలకు ఇస్తనన్నడు. జాన్ ఆ కార్డును గోడ మొలకు గుచ్చిండు. పడెయ్యలే. పడెయ్యలేదని నేను చూసిన, నేను చూసిన్నని ఆయనకు తెలుసు. ఇద్దరం దాని సంగతి ఎత్తలే.

జాన్‌ది తప్పని నేననను. పోయిన యాసంగి నడుము పట్టేసి నాలుగు రోజులు దవాఖానల పండుకున్నడు. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. గా మనిషికి కుర్చీ మీద మనసు పోతే ఎట్ల తప్పు పట్టాలె? నాకే ఆ షాపు మీద పట్టు. మా తల్లిగారిల్లు బయ్యారం. నా చిన్నప్పుడు మా నాయిన మోటరు కాలితే మానుకోటకు తీస్కపోయిండు. అక్కడ వరుసల పెట్టమన్నరు, పన్నెండు రోజులు పట్టింది. మోటరు ఇంటికొచ్చిననాడు పొలం లేదు. పెండ్లయి ఈ షాపుల కూసున్న మొదటి వారమే జాన్‌కు చెప్పిన, మన కాడ ముందొచ్చినోళ్లది ముందు కాదు, ఎవరి పంట పోయేటట్టున్నదో వాళ్లది ముందు అని. జాన్ సరే అన్నడు. పదకొండేండ్లు గట్లనే నడిపినం. గందుకే దూరపూర్లోళ్లు కూడ మా కాడికే తెచ్చేది.

నాటేసి నెల కాని పొలం వారం ఎండినా మళ్ల తేరుకుంటది. పొట్ట మీదున్న పొలం, అంటే కర్ర లోపల కంకి తయారయ్యే పొలం, ఎండితే తేరుకోదు, కంకి తాలైపోతది. ఇది అందరు రైతులకు ఎరుకనే. ఎరుక గనుకనే ఆ యేడు అందరు అబద్ధాలకు దిగిన్రు.

ఒకనాడు పొద్దుగాల గడప ముందు పదకొండు మోటర్లున్నయి. "మీ పొలం ఏ దశల ఉన్నది?" అని ఒక్కొక్కలను అడుగుకుంట వచ్చిన. పదకొండు మంది కూడ పొట్ట మీదున్నదనే అన్నరు. ఆఖరుకు ఉపేందరన్న నిలవడ్డడు.

"ఉపేందరన్నా, నీకు నాటేసిన కూలోళ్లల్ల మా ఆడిబిడ్డ ఉన్నది. ఇరవై రోజులు కాలే. ఇరవై రోజులకే పొట్టెట్లొచ్చింది?"

"కొత్త రకం విత్తనం" అన్నడు ఏమాత్రం సిగ్గు లేకుండ.

అందరు నవ్విన్రు, నేను కూడ నవ్విన. నవ్వితే మోటర్లు తగ్గవు గద. గప్పుడే నాకు మా నాయిన యాదికొచ్చిండు. ఆఖరుసారి యూరియా చల్లే ముందు పొలంలకెల్లి ఒక కర్ర పీకి, బ్లేడుతోని నిలువున చీల్చి, లోపల కంకి పడ్డదా లేదా అని చూసేటోడు. నాకు కూడ చూపిచ్చేటోడు.

"ఇగ నోటి మాట చెల్లదు" అన్న. "మోటరుతోని పాటు పొలంలకెల్లి ఒక కర్ర పీక్కరావాలె. చీల్చి చూస్త. కంకి ఉంటే ముందు, లేకుంటే ఎనుక. ఇందుల నా ఇష్టం, మీ ఇష్టం ఏం లేదు."

జనం గులిగిన్రు గని తెచ్చిన్రు. తడి గుడ్డల చుట్టి ఒకలు, అంగి జేబుల పెట్టుకొని ఒకలు, మోటరుకే సుతిలితోని కట్టి ఇంకొకలు. ప్రతి పొద్దుగాల గడప మీద కూసోని కర్రలు చీల్చుడు, చాక్‌పీసుతోని మోటరు మీద నంబరు రాసుడు. చీల్చినంక ఎవ్వరు మాట్లాడకపోయేది. లోపల ఉన్నది వాళ్ల కండ్లకు కూడ కనవడేది. కొట్లాటలు బందైనయి. "సుజాతక్క కోర్టు" అని పేరు పెట్టిన్రు. నాకు గర్వమైంది, అబద్ధమెందుకు. అలసట ఉన్నది గని, చేసే పనికి ఒక అర్థమున్నదని ఆ పదిహేను రోజులు మస్తు అనిపిచ్చింది.

శివరాత్రి అయిన మూడోనాడు హన్మంత్ పటేల్ మోటరు వచ్చింది. ఇరవై ఎకరాల ఆసామి, పార్టీల తిరుగుతడు. ఇంతకుముందెన్నడు మా గడప ఎక్కలే. ఆయన కాడ పనిచేసే కాటమయ్య ట్రాక్టరు మీద తెచ్చి దింపిండు. గుడ్డ ఇప్పి కర్ర ఇచ్చిండు. వేళ్లతోని సహా పీకింది, మట్టి ఇంకా తడిగనే ఉన్నది. చీల్చిన. వేలెడంత పిల్ల కంకి, తెల్లగ, మెత్తగ ఉన్నది.

"మంచి పొలం" అన్న. "రేపే చుడుతం, మూడో నంబరు."

కాటమయ్య కింద చూసుకుంట నిలవడ్డడు. అవునని కూడ అనలే. పెద్దోళ్ల కాడ పనిచేసే మనిషి, మాట తక్కువేమో అనుకున్న.

పొద్దు ఎక్కినంక పోశాలు తాత వచ్చిండు. ఎకరంనర పొలం, హన్మంత్ పటేల్ పొలానికి ఆనుకొనే ఉంటది. ఆ ముసలాయన మా షాపు పెట్టిననాటి సంది మా కాడికే తెస్తడు. ట్రాలీ ఆటోలకెల్లి మోటరు దింపి, జేబులకెల్లి కర్ర తీసి నా ముందు పెట్టిండు. పుల్ల లెక్క సన్నగున్నది. చీల్చిన. పైనుంచి కింది దాక ఒట్టిదే. ఇంకోసారి ఎండకు పెట్టి చూసిన.

"తాతా, నీది ఇంకా పొట్టకు రాలే. వారం పడుతది."

ఆయన కర్ర దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"నువ్వు చూసినవు గద బిడ్డా" అన్నడు. తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని పోయిండు. నేను ఆయన మోటరు మీద పదమూడు అని రాసి అవుతల గోడకు జరిపిన.

ఆ పగటీలి జాన్ వైరు తోసుకుంట అన్నడు, "పోశాలు తాతది చెలక నేల. ఎర్రమట్టిల నీళ్లు నిలవవు. జర ముందుకు తెద్దమా?"

"కర్రల కంకి లేదు."

"లేదు గని..."

"ఆయనకొక తీరు, ఇంకొకలకొక తీరా? రేపు ఉపేందరన్న కూడ నాది చెలక నేల అంటడు. గప్పుడేమంటవు?"

జాన్ వైరు తోసిండు, నేను గుంజిన.

ఎనిమిదోనాడు పోశాలు తాత మోటరు చుట్టుడైంది. నీళ్ల తొట్టిల పెట్టి నడిపి చూసినం, మంచిగ తిరిగింది. మామూలుగనైతే మోటరు అయిందని ఫోన్ చేస్తే గంటల వచ్చి తీస్కపోతరు. కొందరు ఫోన్ చెయ్యకముందే వచ్చి గడపల కూసుంటరు. పోశాలు తాత ఫోన్ మోగింది గని ఎత్తలే. మళ్ల చేసిన, ఎత్తలే. తెల్లారినంక కూడ రాలే. జాన్‌ను షాపుల ఉంచి, ట్రాలీ ఆటోల మోటరు ఎక్కిచ్చుకొని నేనే పోయిన.

ఊరికి మూడు కిలోమీటర్లు. ముందుగాల హన్మంత్ పటేల్ పొలమే తగులుతది. పచ్చగ, నీళ్లు నిండి తళతళ మెరుస్తున్నది. చూసుకుంట పోతనే ఆటో ఆపమన్న. పొలం పచ్చగున్నది గని పొట్టిగున్నది, ఇంకా పిలకలే ఏస్తున్నది. దిగి ఒక కర్ర పీకి గోరుతోని చీల్చిన. ఏం లేదు. ఇంకొకటి చీల్చిన. ఏం లేదు. ఆటో ఆయన "ఏందక్కా?" అన్నడు. ఏం లేదన్న.

ఒడ్డు దాటితే పోశాలు తాత పొలం. నేల నెర్రెలు వారింది. ఆకులు చుట్టుకపోయి, కొసలు తెల్లబడ్డయి. బోరు పక్కన రెండు మళ్లు మాత్రం ఇంకా పచ్చగున్నయి. తాత, ఆయన పెండ్లాం కొమురవ్వ బకెట్లు పట్టుకొని హన్మంత్ పటేల్ కాలువల నీళ్లు ముంచుకొచ్చి ఆ రెండు మళ్లల్ల పోస్తున్నరు. గందుకే ఫోన్ ఎత్తలే. ఫోన్ ఇంట్ల ఉన్నది, మనుషులు ఐదు రోజుల సంది ఈడనే ఉన్నరు.

మోటరు చూసి తాత బకెట్ పక్కకు పెట్టిండు. ఆటో కాడికి నడిచిండు. నేను ఆ ఎండిన మడిల దిగి ఒక కర్ర చేతిలకు తీసుకున్న. కర్ర నడుమ ఉబ్బెత్తుగ ఉన్నది. చీల్చే అవసరం లేదు, వేళ్లకే ఎరుకైతున్నది, లోపల కంకి ఉన్నది. ఎండి, గట్టిగ, కదలకుండ ఉన్నది.

"అవ్వా" అన్న కొమురవ్వతోని. "మీది పొట్ట మీదనే ఉండె గద. తాత తెచ్చిన కర్రల ఏం లేకుండె."

"ఆ కర్ర నేనే ఇచ్చిన." ఆమె కొంగుతోని మెడ తుడుచుకున్నది. "ఒడ్డు పొంటి నారు సచ్చిన కాడ ఎనుకకు మళ్ల పెట్టినం. గవే ఒట్టి కర్రలుండె."

"మంచి కర్ర ఎందుకు పీకలే?"

కొమురవ్వ నన్ను వింతగ చూసింది. ఆడదానివై ఉండి గిదేం అడుగుడు అన్నట్టు చూసింది.

"పొట్టతోని ఉన్నదాన్ని ఎట్ల పీకుత బిడ్డా?"

నేను కర్రను వదిలి చెయ్యి ఎనుకకు తీసుకున్న. "కనీసం తాత చెప్పొద్దా నాకు? పొట్ట మీదున్నదని ఒక్క మాట" అన్న.

"చెప్తే ఇంకొకటి పీక్కరమ్మంటవు గద. గందుకే ఊకున్నడు." బకెట్ అందుకొని మళ్ల అన్నది, "అసలే మొన్న ఎవరో మూల మడిల ఒకటి గుంజుకపోయిన్రు. మేకలు గావచ్చనుకున్న. మేకలైతే కొరుకుతయి గని, వేళ్లతోని సహా పీకయి. ఎవరికి చేతులొచ్చినయో ఏమో."

ఆ కర్ర ఎక్కడికి పోయిందో నాకెరుక. నా గడప మీదనే, నా బ్లేడుతోనే చీల్చిన. మంచి పొలం అని కూడ అన్న. అదే పొలం ముందల నిలవడి, ఆ సంగతి కొమురవ్వకు చెప్పలేకపోయిన. మోటరు బోరుల దింపేటోళ్లు వచ్చేదాక బకెట్ తీసుకొని వాళ్లతోని నీళ్లు మోసిన. అంతకంటె చేతకాలే.

వాపసు వచ్చేసరికి జాన్ ఒక్కడే కూసోని ఒక మోటరుకు కాలిన వైరు గుంజుతున్నడు. ఎదురుగ కూసోని జరిగిందంత చెప్పిన. కాటమయ్య తెచ్చిన కర్ర సంగతి కూడ చెప్పిన. చెప్పుకుంట ఏడ్చిన. జాన్ నన్ను ఆపలే. నేను ముందే చెప్పిన గద అని కూడ అనలే. అని ఉంటే బాగుండు అనిపిచ్చింది.

"మోటరు దింపిన్రా?"

"దింపిన్రు. నీళ్లు పోస్తున్నది."

"ఎంత మిగిలింది?"

"సగం కూడ లేదు. బోరు పక్కన రెండు మళ్లు, ఆ ఎనుక కొంచెం."

జాన్ ఊఁ అన్నడు. నేను గోడ దిక్కు చూసిన. కార్డు మొలకు అట్లనే ఉన్నది.

"ఉగాది దాక ఎందుకు, ప్రణయ్‌కు ఇయ్యాల్నే ఫోన్ చెయ్యి" అన్న. "బోర్డు పెట్టుమను. నాతోని కాదు ఇగ. మనం మంచి చేస్తున్నమనుకున్నం, ఆ ముసలోళ్ల నోటికాడిది తీసినం. కొత్త మోటరు అమ్మితే కనీసం ఇట్ల కాదు."

రెండు నెలల సంది ఆయన ఈ మాట కోసమే ఎదురుచూసిండు. నాకెరుక. నడుము మీద చెయ్యేసుకొని నిటారుగ కూసున్నడు. కాలిన వైరు ముద్దను పక్కకు నెట్టి, కొత్త వైరు చుట్ట అందుకున్నడు.

"కర్రలు అడుగుడు బందు చేద్దం" అన్నడు. "పొద్దుగాల నువ్వే పొయ్యి పొలం చూసి రా. నువ్వొచ్చేదాక నేను పాత వైరు గుంజుకుంట ఉంట."

"పని ఇంకా పెరుగుతది. నీ నడుము?"

"పెరుగుతది" అన్నడు. వైరు కొస సందుల పెట్టి తోసిండు. కొస నా దిక్కు వచ్చింది. కండ్లు తుడుచుకొని గుంజిన.

మర్నాటి సంది పొద్దు పొడవకముందే స్కూటీ తీసేది. ఎవరి మోటరు వస్తే వాళ్ల పొలానికి పోవుడు, ఒడ్డు మీద నిలవడి చూసుడు, మడిల దిగి కర్రను పీకకుండ రెండు వేళ్లతోని తడిమి చూసుడు, నేల తడి చూసుడు. ఒకనాడు ఐదు ఊర్లు తిరిగిన. వచ్చి గొట్టం ముందు కూసుంటే నిద్రొచ్చేది. ఒకసారి కూసునే నిద్రపోయిన. జాన్ వైరు తోసుడు ఆపి నేను లేచేదాక ఊకున్నడట. ఎంతసేపు అంటే చెప్పలే.

హన్మంత్ పటేల్ రెండో బోరు మోటరు కూడ కాలింది. ఈసారి ఆయనే వచ్చిండు.

"ఏం సుజాతా, మా కర్ర మీద నమ్మకం లేదా? పొలం చూడవోయినవట."

"కర్రలకు కాళ్లొస్తున్నయి పటేలా. పొలమైతే ఉన్నకాడనే ఉంటది."

ఆయనకు కోపం రాలే. నవ్విండు. గసొంటోళ్లకు అంత జల్దిన కోపం రాదు. తొమ్మిదో నంబరు రాసిన. ఆ పగటీలికే హనుమకొండ పొయ్యి కొత్త మోటరు తెచ్చుకున్నడని విన్న. తొమ్మిదో నంబరు ఇంకొకలకు వచ్చింది.

పోశాలు తాత పొలం దిక్కు పోయినప్పుడల్ల స్కూటీ రోడ్డు మీదనే ఆపి చూసేదాన్ని. మిగిలిన మళ్లు మెల్లగ తేరుకున్నయి. ఎండిన దాన్ని కోసి ఎడ్లకు ఏసిన్రు. కొమురవ్వ కనవడితే మాత్రం చెట్టు చాటుకు జరిగేదాన్ని, లేకుంటే బండి తిప్పుకొని వచ్చేదాన్ని. దగ్గరికి పొయ్యి మాట్లాడితే ఆ మూల మడి కర్ర సంగతి చెప్పాలె. చెప్పనీకి మొఖం చెల్లకపోయింది. మాట్లాడి ఉంటే ఎనుక జరిగింది జరగకపోవు.

ఉగాది ఇంక నాలుగు రోజులున్నదనంగ ప్రణయ్ ఫోన్ చేసిండు. జాన్ చేతులు ఖాళీ లేవు, నేనే ఫోన్ ఎత్తి ఆయన చెవి కాడ పెట్టిన.

"అన్నా, ఏమాలోచన చేసిన్రు?"

"ఇంకా తొమ్మిది మోటర్లున్నయి తమ్మీ" అన్నడు జాన్.

"మోటర్లు కాదన్నా. బోర్డు సంగతి."

"అదే చెప్తున్న. తొమ్మిది మోటర్లున్నయి."

ప్రణయ్ మంచిది అన్నా అని పెట్టేసిండు. నేను ఫోన్ గడప మీద పెట్టి మళ్ల వైరు అందుకున్న. గప్పుడే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పోశాలు తాత దిగిండు. ఆయన మోటరు మళ్ల కాలింది.

మేం చుట్టిన మోటరు పదిహేను రోజులకే కాలుడా అని జాన్ లేచి ఇప్పి చూసిండు. వైరు మంచిగనే చుట్టినం. బోరుల నీళ్లు అడుగంటి మోటరు ఒట్టిగ తిరిగింది. "రెండు పైపులు కిందికి దించాలె తాతా" అని చెప్తున్నడు. తాత వింటలేడు. చంకల పెట్టుకున్న తడి తువ్వాలను రెండు చేతులతోని పట్టుకొని నా కాడికి వచ్చి గడప మీద పెట్టిండు. మెల్లగ ఇప్పిండు. ఇప్పి మొఖం రోడ్డు దిక్కు తిప్పుకున్నడు.

వేళ్లతోని, మట్టితోని సహా పీకిన కర్ర. నిండు పొట్ట మీదున్నది. ఇయ్యాలనో రేపో ఈనేదే. వేళ్లకు పచ్చి గుడ్డ పేలిక చుట్టి, దారంతోని కట్టిన్రు.

"తాతా, నేను ఇప్పుడు కర్రలు అడుగుతలేను" అన్న. "ఆ దినం సంది అడుగుతలేను."

"ఎవరు చెప్పలే బిడ్డా."

"ఎవరు పీకిన్రు గిది?"

"అదే పీకింది" అన్నడు. కొమురవ్వ పేరు ఎత్తకుండనే. "నేను పీకుతనంటే ఒద్దన్నది. నువ్వు పీకితే పాడు చేస్తవు, నేనే మంచిగ తీస్త అన్నది. పీకేటప్పుడు నన్ను అటు తిరుగుమన్నది."

బ్లేడు నా పక్కన కిటికీల అట్లనే ఉన్నది, పదిహేను రోజుల సంది ముట్టలే. తాత రోడ్డు దిక్కే చూసుకుంట నిలవడ్డడు. చీల్చిన సప్పుడు వినవడితే ఇటు తిరుగుదమని చూస్తున్నడు.

"చూడవా బిడ్డా?" అన్నడు.

"చూసిన తాతా. నిన్న పొద్దుగాలనే మీ పొలం దిక్కు వచ్చి చూసిన. పొట్ట మీదనే ఉన్నది. మీదే ముందు, ఇప్పుడే చుడుతం."

తాత ఇటు తిరిగిండు. నా దిక్కు చూసిండు. తర్వాత గడప మీద పండవెట్టిన కర్ర దిక్కు చూసిండు.

"అయితే గిది ఉత్తగనే పీకిందా" అన్నడు.

కోపంగ అనలే. అడిగినట్టు కూడ అనలే. వంగి, తువ్వాలను మళ్ల ఆ కర్రకు చుట్టబోయి, చేతులు ఆపుకున్నడు. మోటర్లు పరీక్షించే నీళ్ల తొట్టి పక్కన ఒక బొగాణె ఉంటది. నేను అందుల ఇన్ని నీళ్లు పోసి, పేలిక ఇప్పకుండనే ఆ కర్ర వేళ్లు నీళ్లల్ల మునిగేటట్టు నిలబెట్టిన. నిలవడలే, పక్కకు ఒరిగింది. తాత ఒక ఇటుక ముక్క తెచ్చి ఆనిచ్చిండు.

జాన్ అప్పటికే తాత మోటరు తెచ్చి మా ఇద్దరి నడుమ పెట్టిండు. "సుజాతా, పట్టు" అన్నడు. వేళ్లకు ట్యూబు ముక్కలు తొడుక్కొని కూసున్న. తాత గడప మీదనే, ఆ బొగాణె పక్కనే కూసున్నడు, మోటరు అయ్యేదాక లేవలే.